తాతగారి 1971 యుద్ధం మెడల్స్ ఇప్పుడు తెప్పించుకోవచ్చా? బయట కొని పెడితే తప్పా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. మీ తాతగారు ఆర్మీలో పదిహేనేళ్లు చేసి 1976లో నాయక్ హోదాలో వచ్చేశారు, ఇప్పుడు ఎనభై దాటాయి. ఇంట్లో నక్షత్రం ఆకారంలో ఒకే ఒక్క మెడల్ ఉంది, రిబ్బన్ చిరిగిపోయింది, వెనక ఏదో నంబరు ఉంది. "మిగతావి నాకు రాలేదురా" అని ఆయన అంటున్నారు. డిసెంబరు 16న ఊరి హైస్కూల్లో ఆయనకి సన్మానం చేద్దామనుకుంటున్నారు, ఈలోపు మెడల్స్ తెప్పించగలమా, లేకపోతే బయట కొని పెట్టేయచ్చా, వీటికి డబ్బు ఏమైనా వస్తుందా అని.

ముందు సూటిగా జవాబులు చెప్పేస్తాను. తెప్పించుకోవచ్చు, యాభై ఏళ్లు దాటినా అర్హత ఎక్కడికీ పోదు. కానీ ఈ డిసెంబరుకి వస్తాయని మాత్రం ఆశ పెట్టుకోకండి. కొని పెట్టడం తప్పు కాదు, ఆయనకి రికార్డు ప్రకారం రావలసినవే అయితే. డబ్బు సంగతంటారా, మీరు చెప్పిన దాన్ని బట్టి రాదు. ఎందుకో కింద చెప్తాను.

నేను ఆర్మీలో క్లర్క్‌గా చేరి సుబేదారుగా రిటైర్ అయ్యాను, సర్వీసులో ఎక్కువ భాగం సైనికుల సర్వీసు కాగితాలు ఉండే రికార్డ్ ఆఫీసులోనే గడిచింది. రిటైర్ అయ్యాక మా వైపు పాత సైనికులకీ వాళ్ల కుటుంబాలకీ ఇలాంటి అర్జీలు రాసి పెడుతూ ఉంటాను, కాబట్టి రెండు వైపుల నుంచీ ఈ వ్యవహారం చూశాను.

మొదట ఆ ఒక్క మెడల్ చేతిలోకి తీసుకోండి. ఐదు కోణాల కంచు నక్షత్రం, మధ్యలో మూడు సింహాలు, వాటి చుట్టూ హిందీలో అక్షరాలు ఉంటాయి. భూతద్దం పెట్టి చదవండి. "సమర్ సేవా" అని ఉంటే అది 1965 యుద్ధానిది. "పూర్వీ" అని ఉంటే 1971లో తూర్పు వైపు, అంటే బంగ్లాదేశ్ పుట్టిన వైపు చేసినట్టు. "పశ్చిమీ" అని ఉంటే అదే యుద్ధంలో పాకిస్తాన్ సరిహద్దు వైపు. మీరు ఏదో నంబరు ఉందన్నారు చూడండి, అది ఆయన ఆర్మీ నంబరే అయి ఉంటుంది, పక్కనే హోదా, పేరు, యూనిట్ పొట్టి అక్షరాల్లో ఉంటాయి. గుండ్రటి మెడల్ అయితే ఇవన్నీ అంచు మీద చెక్కుతారు. మన దేశంలో స్వాతంత్ర్యం తరవాత ఇచ్చిన మెడల్స్ మీద ఇలా పేరు ఉండటం మామూలే. రెండో ప్రపంచ యుద్ధంలో మన సైనికులకి ఇచ్చిన బర్మా స్టార్, ఆఫ్రికా స్టార్ లాంటి వాటి వెనక కూడా పేరు ఉంటుంది, బ్రిటిష్ సైనికులకి ఇచ్చిన వాటి మీదే ఉండదు. 

ఒక్క విషయం, దయచేసి దాన్ని తోమకండి. ఒకావిడ మామగారి మీద అభిమానంతోనే, పండక్కి చింతపండూ ఉప్పూ వేసి ఇత్తడి చెంబు తోమినట్టు తోమింది. తళతళలాడుతోంది, అంచు మీద పేరు సగం పోయింది. ఆ పేరే దాని విలువంతా. మెత్తటి పొడిగుడ్డతో తుడిచి వదిలేయండి, నల్లబడితే నల్లబడనివ్వండి. ఇంకో ఇంట్లో గుండ్రటి మెడల్ వెండిదనుకుని కంసాలి దగ్గరికి పట్టుకెళ్లారు, ఆయన గీటురాయి మీద గీసి చూసి నవ్వి తిరిగి ఇచ్చాడట. సర్వీసు మెడల్స్ ఎక్కువ భాగం రాగి, నికెల్ కలిపిన లోహమే. గీత మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

ఇక అసలు సంగతి, ఆయనకి ఏమేం రావాలి అన్నది. ఇక్కడే చాలామంది పొరబడతారు. మెడల్ అంటే ఏదో సాహసం చేస్తే ఇచ్చే బహుమతి అనుకుంటారు. నిజానికి మన సైన్యంలో మెడల్స్ ప్రధానంగా రెండు రకాలు. ఒకటి శౌర్యానికి ఇచ్చేవి, పరమ వీర చక్ర, మహా వీర చక్ర, వీర చక్ర, ఆ వరస. ఇవి 1950 జనవరి 26న పెట్టి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తించేలా చేశారు. పరమ వీర చక్ర ఇప్పటిదాకా 21 మందికే వచ్చింది, అందులో 14 మందికి చనిపోయాకే. మన తెలుగువాళ్లకి ఈమధ్య బాగా గుర్తున్నది కల్నల్ సంతోష్ బాబు గారి మహా వీర చక్ర, 2020 జూన్‌లో గల్వాన్‌లో చేసిన పోరాటానికి.

రెండో రకం సేవకి ఇచ్చేవి. ఫలానా యుద్ధం జరిగేటప్పుడు ఫలానా చోట నువ్వు ఉన్నావు, ఇన్నాళ్లు చేశావు అని చెప్పేవి. ఇది తీసిపారేయాల్సినది కాదు. బాంబులు పడే చోట వంట చేసినవాడికీ, రాత్రంతా లారీ తోలినవాడికీ, వైర్లు లాగినవాడికీ అదే నక్షత్రం వస్తుంది, ముందు వరసలో తుపాకీ పట్టినవాడికీ అదే వస్తుంది. నాకు ఈ పద్ధతిలో నచ్చేది అదే. దాని ముందు సుబేదారూ సిపాయీ ఒకటే.

మీ తాతగారు 1961 ప్రాంతంలో చేరి 1976లో వచ్చారనుకుంటే, ఆయన సర్వీసులో మూడు యుద్ధాలు పడ్డాయి. వరసగా చూద్దాం. 1962లో చైనా సరిహద్దులో ఉండి ఉంటే జనరల్ సర్వీస్ మెడల్ 1947, దాని రిబ్బన్ మీద "లద్దాఖ్ 1962" గానీ "నేఫా 1962" (నేఫా అంటే ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్) గానీ రాసిన చిన్న పట్టీ, అంటే క్లాస్ప్. 1965కి రెండు ఉన్నాయి. యుద్ధక్షేత్రంలో ఉన్నవాళ్లకి సమర్ సేవా స్టార్, అది కాకుండా ఆ సమయంలో సైన్యంలో ఉన్న చాలామందికి రక్షా మెడల్. 1971కీ అదే పద్ధతి, తూర్పుకి పూర్వీ స్టార్, పడమరకి పశ్చిమీ స్టార్, వాటితో పాటు ఎక్కడ ఉన్నా సరే ఆ కాలంలో సర్వీసులో ఉన్నవాళ్లకి సంగ్రామ్ మెడల్. ఇవి కాక కొండల్లోనో, ఎడారిలోనో, ఈశాన్యంలోనో నిర్ణీత కాలం చేస్తే సైన్య సేవా మెడల్. 1972 ఆగస్టు 15 నాటికి సర్వీసులో ఉంటే స్వాతంత్ర్య రజతోత్సవ మెడల్. తొమ్మిదేళ్లు పూర్తి చేస్తే తొమ్మిదేళ్ల దీర్ఘ సేవా మెడల్. చూశారా, "నాకు మెడల్స్ ఏమీ రాలేదు" అనే మామూలు నాయక్‌కి కూడా నాలుగైదు లెక్క తేలతాయి.

మరి చేతికెందుకు రాలేదు? యుద్ధం మెడల్స్ యుద్ధం జరుగుతుండగా తయారవ్వవు. యుద్ధం అయ్యాక ప్రభుత్వం ఫలానా మెడల్ పెడుతున్నామని ప్రకటించాలి, ప్రతి యూనిట్ ఎవరు అర్హులో జాబితా పంపాలి, అది పార్ట్ టూ ఆర్డర్‌లో, అంటే సైనికుల సర్వీసు వివరాలు నమోదు చేసే అధికారిక ఉత్తర్వులో, అచ్చవ్వాలి, తరవాత మెడల్ పోసి ఒక్కొక్కరి పేరు చెక్కాలి. లక్షల మందికి. ఈలోపు మీ తాతగారి లాంటివాళ్లు పెట్టె సర్దుకుని ఊరొచ్చేస్తారు. పార్శిల్ యూనిట్‌కి వెళ్తుంది, యూనిట్ ఈలోపు ఎక్కడికో కదిలిపోయి ఉంటుంది, అక్కడినుంచి ఊరికి పంపితే ఊరి పేరు తప్పు, పోస్టుమ్యాన్ వెనక్కి పంపేస్తాడు. సర్వీసులో ఉన్నవాళ్లు కూడా ఏళ్ల తరబడి ఒరిజినల్స్ కోసం ఎదురు చూసేవాళ్లు ఉన్నారు, కంటోన్మెంట్ దుకాణాల్లో నకళ్లు కొనుక్కుని పరేడ్‌లో నిలబడతారు. అందుకే అన్నాను, కొనడం తప్పు కాదని.

ఇప్పుడు చేయాల్సిన పని. ఇంట్లో డిశ్చార్జ్ బుక్, అంటే సర్వీసు నుంచి బయటికి వచ్చేటప్పుడు ఇచ్చే పుస్తకం, వెతకండి. అట్ట ఊడిపోయి, బియ్యం డబ్బా వెనకో, దేవుడి గూట్లోనో ఉంటుంది సాధారణంగా. అందులో మెడల్స్ అని ఒక గడి ఉంటుంది. ఆయన బయటికి వచ్చేనాటికి మంజూరైనవి అందులో రాసి ఉంటాయి, చేతికి అందినా అందకపోయినా. అది దొరికితే సగం పని అయినట్టే. దొరక్కపోతే పింఛను పత్రం మీద ఆర్మీ నంబరు ఉంటుంది. అదీ లేకపోతే, ఆ నక్షత్రం వెనక ఉన్న నంబరే మీకు దిక్కు, అందుకే తోమొద్దన్నది. నంబరు తెలిస్తే ఏ రెజిమెంటో రికార్డ్ ఆఫీసు వాళ్లు చెప్పగలరు, ఎందుకంటే ఒక్కో రెజిమెంటుకి, కోర్‌కి నంబర్ల వరస వేరుగా ఉండేది.

అర్జీ వెళ్లాల్సింది ఢిల్లీకి కాదు, ఆయన రెజిమెంట్ రికార్డ్ ఆఫీసుకి. మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరుల్లో వెల్లింగ్టన్. మద్రాస్ శాపర్స్ అయితే బెంగళూరు. ఆర్టిలరీకి నాసిక్ రోడ్. సిగ్నల్స్‌కి జబల్‌పూర్. ఈఎంఈ (బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగం), ఆర్డ్‌నెన్స్ (ఆయుధాలు, సామగ్రి సరఫరా చేసే విభాగం) అయితే మన సికింద్రాబాదే. ప్రతి దానికీ వెంటనే వ్యక్తిగతంగా పరిగెత్తక్కర్లేదు, ముందు మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. అక్కడ ఉండేవాళ్లు చాలావరకు మాజీ సైనికులే, ఈ భాష తెలిసినవాళ్లు. అర్జీ తాతగారి పేరు మీదే, ఆయన సంతకంతోనే వెళ్లాలి. చేయి వణికితే వేలిముద్ర వేయించి సాక్షి సంతకాలు పెట్టించండి. మనవడి పేరు మీద వెళ్లిన అర్జీ పక్కన పడుతుంది, నేనే చాలా పక్కన పెట్టాను ఒకప్పుడు, ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గేస్తోంది గానీ రూల్ అలాగే ఉండేది.

అర్జీలో "మెడల్స్ పోయాయి" అని రాయకండి, అసలు అందకపోతే. ఈ రెండూ వేరు. పోయాయంటే పోలీసు రిపోర్టు, అఫిడవిట్ అడుగుతారు, నకలు మెడల్ ఇచ్చే పద్ధతి వేరు. "మంజూరయ్యాయి, చేతికి అందలేదు, దయచేసి పరిశీలించండి" అని రాయండి. మొదటి అర్జీలో మెడల్స్ కూడా అడగొద్దంటాను నేను. మొదట ఒకటే అడగండి, రికార్డు ప్రకారం నాకు మంజూరైన మెడల్స్ జాబితా ఇవ్వండి అని. ఆ కాగితం ఒకటి స్టాంపుతో చేతికొస్తే, ఆ తరవాత ఆట మీ చేతిలో ఉంటుంది. జవాబు రాకపోతే పది రూపాయల ఆర్టీఐ అర్జీ వేయండి, దానికి ముప్పై రోజుల గడువు ఉంది కాబట్టి కాగితం కదులుతుంది.

మీ తాతగారికి పింఛను వస్తోంది కాబట్టి ఆయన షీట్ రోల్, అంటే సర్వీసు వివరాలన్నీ ఉండే కాగితం, భద్రంగానే ఉంటుంది. పింఛను లేకుండా వచ్చేసినవాళ్ల కాగితాలు మాత్రం పాతికేళ్లు దాటాక తీసేస్తారు. అలాంటి కేసుల్లో లాంగ్ రోల్ అనే పెద్ద రిజిస్టర్‌లో ఒక్క వరస మిగులుతుంది, అందులో మెడల్స్ సంగతి ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

పేరు దగ్గర జాగ్రత్త. మన తెలుగువాళ్లకి ఇదొక శాపం. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తరవాత. భర్తీ చేసుకున్న ఉత్తరాది క్లర్క్‌కి అది తెలీదు. చివర ఏది ఉంటే అదే ఇంటిపేరనుకుని రాసేశాడు. నేను చూసిన ఒక కేసులో ఆధార్‌లో అప్పారావు, డిశ్చార్జ్ బుక్‌లో "ఏ. రావు", మెడల్ అంచు మీద "అప్ప రావ్", బ్యాంకులో ఇంటిపేరుతో సహా ఇంకోటి. నలుగురూ ఒక్కడే అని నిరూపించడానికి ఆయన భార్యకి రెండేళ్లు పట్టింది, అప్పటికి ఆయన లేరు. ఆయన బతికుండగా అయితే ఒక అఫిడవిట్‌తో తేలిపోయేది. కాబట్టి మెడల్స్ సంగతి అలా ఉంచండి, పేరు తేడాలుంటే ఈ నెలలోనే సరిచేయించండి. రేపు ఫ్యామిలీ పింఛనుకీ ఇదే అడ్డం పడుతుంది.

డబ్బు విషయం. నెలనెలా భత్యం వచ్చేది శౌర్య పతకాలకే. 2017 ఆగస్టులో పెంచిన లెక్క ప్రకారం పరమ వీర చక్రకి నెలకి 20,000, మహా వీర చక్రకి 10,000, వీర చక్రకి 7,000, శౌర్యానికిచ్చే సేనా మెడల్‌కి 2,000 రూపాయలు. గ్రహీత తరవాత భార్యకి వెళ్తుంది. పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్ లాంటి వాటికి రూపాయి కూడా లేదు. "మెడల్ తెప్పిస్తే పింఛను పెరుగుతుంది, ఖర్చులకి ఐదు వేలు ఇవ్వండి" అనే బ్రోకర్లు ఊళ్లలో తిరుగుతుంటారు, వాళ్లని గుమ్మం దగ్గరే పంపించేయండి. ఒకవేళ ఆయన శత్రువు కాల్పుల్లో గాయపడి ఉంటే మాత్రం చెప్పండి. దానికి పరాక్రమ్ పదక్ అని వేరే మెడల్ ఉంది. భత్యం కోసం కాదు, గాయం రికార్డులో ఉందా లేదా అన్నది అంగవైకల్య పింఛనుకి ముఖ్యం.

ఇంకో కేసు చెప్పాలి, ఎందుకంటే మీకూ ఇలా జరగొచ్చు. ఒక హవల్దార్ గారి ఇంట్లో అందరూ "మా నాన్న పాకిస్తాన్ బోర్డర్లో యుద్ధం చేశాడు, పశ్చిమీ స్టార్ రావాలి" అని పట్టుబట్టి అర్జీ పెట్టించారు. జవాబు వచ్చింది, సంగ్రామ్ మెడల్ మాత్రమే. ఆ రోజుల్లో ఆయన వెనక ఎక్కడో మందుగుండు డిపోలో ఉన్నారు. కొడుకు మొహం మాడిపోయింది, ఇన్నాళ్లూ చెప్పిందంతా అబద్ధమా అన్నట్టు చూశాడు. పెద్దాయన ఏమీ అనలేదు. నేనే కూర్చోబెట్టి చెప్పాను, ఆ పద్నాలుగు రోజులూ ముందున్నవాళ్లు కాల్చిన ప్రతి గుండూ అలాంటి డిపోల నుంచి ఎవరో భుజాన మోసి బండెక్కిస్తేనే వెళ్లిందని. అప్పుడు ఆయన తన కుడి భుజం మీద చొక్కా తీసి చూపించారు, బరువులు మోసి కాయ కాచిన చోటు. కొడుకు అది చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉన్నాడు, ఎందుకొచ్చిందో ఎప్పుడూ అడగలేదట. కాబట్టి జాబితా వచ్చాక అందులో మీరు అనుకున్నది లేకపోతే, ఆయన్ని నిలదీయకండి.

సన్మానం గురించి. డిసెంబరు 16 మంచి రోజు, ఢాకాలో లొంగుబాటు జరిగిన రోజు. అప్పటికి జాబితా కాగితం వస్తే, అందులో ఉన్నవాటి నకళ్లు సికింద్రాబాద్ కంటోన్మెంట్ దుకాణాల్లో వరస ప్రకారం బార్ మీద కుట్టించి ఇస్తారు. రాకపోతే ఉన్న ఒక్క నక్షత్రానికే కొత్త రిబ్బన్ వేయించి అదొక్కటే పెట్టండి. నిజంగా అంటున్నాను, ఛాతీ నిండా ఊహించి పెట్టినవాటి కంటే అదే బాగుంటుంది. వచ్చినవాళ్లలో ఎవరైనా పాత సైనికుడుంటే ఒక్క చూపులో కనిపెట్టేస్తాడు, పరువు పోయేది తాతగారిది. మెడల్స్ ఎడమ వైపు, ఆయన గుండె మీదే. మీరెవరూ పెట్టుకోకండి. చనిపోయినవారి మెడల్స్‌ని దగ్గరి కుటుంబసభ్యులు స్మారక కార్యక్రమాల్లో కుడి వైపు పెట్టుకుంటారు, ఆయన ఉండగా ఆ అవసరం లేదు.

ఇలాంటి సన్మానాలకి బోలెడు వెళ్లాను కాబట్టి రెండు మాటలు. శాలువా కప్పకండి. మనవాళ్లు స్టేజీ ఎక్కగానే చేసే మొదటి పని అదే, దాంతో మెడల్స్ మొత్తం కింద దాక్కుంటాయి, ఫొటోల్లో జరీ అంచు తప్ప ఏమీ ఉండదు. చేతికి ఇవ్వండి. రెండోది, ముఖ్య అతిథి వచ్చేదాకా ఆయన్ని ఎండలో కుర్చీలో కూర్చోబెట్టకండి. ఒకచోట ఎనభై నాలుగేళ్ల పెద్దాయన రెండున్నర గంటలు వేచి చూశాడు, ఆ తరవాత ఆయన గురించి మాట్లాడింది రెండు నిమిషాలు, అదీ పేరు తప్పుగా. టాయిలెట్ దగ్గర్లో ఉందో లేదో కూడా ముందే చూసుకోండి, ఆ వయసులో అదే పెద్ద టెన్షన్.

పిల్లలతో మాట్లాడించండి, కానీ "ఎంతమందిని చంపారు తాతా" అని అడిగే పిల్లాడు ఒకడు ఖచ్చితంగా ఉంటాడు. టీచర్లకి ముందే చెప్పి ఉంచండి. విశాఖ బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ఎక్కి ఫొటో దిగిన పిల్లలు మీ స్కూల్లో ఉండే ఉంటారు, అది 1971 యుద్ధంలో పనిచేసినదే, దాని పక్కనే ఆ యుద్ధ విజయ స్మారకం కూడా ఉంది. అక్కడినుంచి మొదలుపెడితే పిల్లలు అందుకుంటారు. ఏం తిన్నారు, ఉత్తరాలు ఎన్నాళ్లకి వచ్చేవి, చలి ఎలా ఉండేది, హిందీ రాకుండా ఎలా నెట్టుకొచ్చారు, ఇలాంటివి అడిగితే ఆయన మాట్లాడతారు. పక్కనే ఎవరో ఒకరు ఫోన్‌లో రికార్డు చేయండి. యూనిట్ పేరు, కమాండర్ పేరు, ఊళ్ల పేర్లు ఆయన నోట వస్తే అవే రేపు అర్జీకి పనికొస్తాయి. ఒకరి విషయంలో ఆయన మాటల మధ్యలో చెప్పిన బ్రిడ్జి పేరు పట్టుకునే యూనిట్ ఎక్కడుందో తేల్చాం.

మాధవరం లాంటి ఊళ్లో ఇవేవీ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. తాడేపల్లిగూడెం దగ్గర ఊరది, మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు, రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపింది, సైనికుల కోసం స్మారక స్తంభం ఉంది. మీ ఊళ్లో ఆయన ఒక్కరే అయితే, పక్క ఊళ్ల పాత సైనికుల్ని కూడా ఇద్దరు ముగ్గుర్ని పిలవండి. ఆయన స్టేజీ మీద కంటే వాళ్ల పక్కన కూర్చున్నప్పుడే ఎక్కువ మాట్లాడతారు.

నక్షత్రం ముందు వైపు అక్షరాలు ఏమున్నాయో, డిశ్చార్జ్ బుక్‌లో మెడల్స్ గడిలో ఏం రాసుందో కింద రాయండి. ఆర్మీ నంబరు మాత్రం ఇక్కడ పెట్టకండి. హిందీ పొట్టి అక్షరాలు అర్థం కాకపోతే ఎలా ఉన్నాయో అలాగే దించి రాయండి, నేను విడదీసి చెప్తాను, అర్జీ ఎలా రాయాలో ముసాయిదా కూడా ఇస్తాను.